నేను కత్తిరించేసిన మూడు నెలలు

సాఫీగా సాగే గీత కనబడితే నాకిప్పుడు భయం. ఎగుడుదిగుడుగా ఉన్న గీత అయితే ఫర్వాలేదు, ఏవో తిప్పలు పడుతోంది గానీ బతికే ఉంది అనుకుంటాను. ఏళ్ల తరబడి ఒకే ఎత్తులో, బుద్ధిమంతుడిలా సాగిపోయే గీత ఉంటుంది చూశారూ, దాన్ని మాత్రం నమ్మను. ఒకసారి నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, మా మేనత్తను కూడా నమ్మమన్నాను.

నేను బాపట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇల్లు తెనాలిలో. రోజూ రైల్లో వెళ్లి వస్తాను. ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో నేలను చదవడం నా పని. ఈ పని పేరు మా వాళ్లకు నోరు తిరగదు. మా అమ్మ చుట్టాలతో "పైనుంచి పొలాలు చూస్తుందండి" అంటుంది. "పైనుంచి అంటే, విమానంలోనా?" అని వాళ్లడుగుతారు. "కాదండి, కుర్చీలో కూర్చునే" అంటుంది అమ్మ. అందులో వెటకారం ఉందో లేదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

ఉపగ్రహం కొద్ది రోజులకోసారి మన నెత్తిమీదుగా పోతుంది. పోతూ పోతూ ప్రతి చేనూ ఎంత పచ్చగా ఉందో ఒక అంకె ఇచ్చి పోతుంది. ఆ అంకెలను వరుసగా చుక్కలు పెట్టి కలిపితే గీత వస్తుంది. వరి ఊడ్చాక గీత మెల్లగా లేస్తుంది, పొట్టకొచ్చేసరికి శిఖరానికి చేరుతుంది, కోతలయ్యాక కిందికి జారుతుంది. ఏడాదికో గుట్ట. పదేళ్ల చేను చరిత్ర అంటే నా కంప్యూటర్లో పది గుట్టలు.

క్లాసులో ఏటా చెప్పే పాఠం ఒకటుంది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి చూడండి అంటాను. చాలాసేపు ఏమీ జరగదు. మంట తగిలిన కొద్దీ అంతో ఇంతో కదలాలి కదా, కదలవు. కాస్త పక్కకు తిరిగి వచ్చేసరికి పొయ్యంతా పాలే. నేలా అంతే, సముద్రమూ అంతే, ఓర్చుకున్నంతకాలం ఓర్చుకుని ఒక్కసారిగా చెయ్యి దాటిపోతాయి. మరి ముందే కనిపెట్టడం ఎలా? దానికి జ్వరం ఉదాహరణ చెబుతాను. జ్వరం ఎంత వచ్చిందని కాదు, తగ్గాక మనిషి లేచి తిరగడానికి ఎన్నాళ్లు పట్టిందో చూడండి. పోయినసారి రెండు రోజులు, ఈసారి వారం, ఆ పైసారి నెల అయితే, పైకి ఎంత బాగా కనబడినా ఆ మనిషి లోపల ఖాళీ అవుతున్నట్టే. పిల్లలు తలొంచుకుని రాసుకుంటారు. నేను చేతికంటిన సుద్ద దులుపుకుని బయటికొస్తాను. చెప్పడం వరకూ అయితే నా అంతవాళ్లు లేరు.

మా మేనత్త మా నాన్నకు అక్క. రేపల్లె దాటి అడవులదీవి వైపు వెళ్తే, కాలవ ఆఖరున ఆవిడ చేను. పైవాళ్లందరికీ నీళ్లు అందాక, మిగిలితే అందే భూమి అది. చేనుకు దక్షిణాన మురుగు కాలవ, ఆ కాలవ పోయి కలిసేది సముద్రంలో. పోటు ఎక్కువైన రోజుల్లో ఆ కాలవ వెనక్కి పారుతుంది. మామయ్య పోయాక ఆవిడ ఆ చేను ఎవరికీ కౌలుకివ్వలేదు. దమ్ము చేయించడం, ఊడ్పులు, కోత, అన్నీ దగ్గరుండి చూసుకునేది. ఆవిడకు పిల్లల్లేరు. తన చేలో పండిన బియ్యం తప్ప ఇంకో బియ్యం వండి ఎరగదు. పెళ్లిళ్లకు వెళ్లినా అన్నం వేలితో మీటి చూసి, "ఇదేం బియ్యమే, ప్లాస్టిక్కా?" అని గట్టిగా అడిగి మా పరువు తీసేది.

మా డెల్టాలో వరి ఇంకో రెండు మూడు రోజుల్లో కోస్తారనగా, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. మళ్లీ దున్నక్కర్లేదు, నీళ్లు పెట్టక్కర్లేదు. కోసిన వరి మొదళ్ల మధ్య, నేలలో మిగిలిన తేమతో మొలిచి, చలికాలం మంచు తాగి పెరుగుతాయి. మిగతావాళ్ల సంగతేమో గానీ, మా అత్త లెక్కలో పంటంటే వరే. మినుములంటే ఇంటికీ, చుట్టాలకీ. ఏప్రిల్లో మా ఇంటికి గోనెసంచి నిండా వచ్చేవి. కొన్నాళ్లకు సగం సంచి వచ్చాయి. ఆ తర్వాత ఒక తెల్ల ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి. ఆ తర్వాత పాలపొడి డబ్బాలో. సంచి తగ్గినప్పుడల్లా అత్త ఫోన్లో ఒక కారణం చెప్పేది. "ఈ ఏడు మంచు కురవలేదే." మరుసటేడు, "పల్లాకు తెగులు తగిలిందే, ఆకులన్నీ పసుపు రాసినట్టయిపోయాయి." ఆ మరుసటేడు విత్తనం మంచిది కాదు. అన్నీ నిజమే అయ్యుంటాయి. సంచి చిన్నదవుతోందని అమ్మ గొణిగింది. అట్లు మెత్తగా వచ్చాయని నేనన్నాను.

ఇలా ఉండగా మా అత్తకు మరిది వరసాయన ఒకాయన కబురు పంపాడు. ఆయనకు చెరుకుపల్లి దగ్గర మెరక పొలం ఉంది, కాలవ మొదట్లోనే ఉంటుంది. ఆయనకు రొయ్యల చెరువులు తవ్వాలని ఉంది, అందుకు సముద్రం దగ్గరి భూమి కావాలి. నీ చేను నాకిచ్చి నా పొలం నువ్వు తీసుకో వదినా, ఎకరానికి ఎకరం, అన్నాడు. అప్పటికే అత్త చేనుకు రెండు పక్కలా చెరువులొచ్చేశాయి. ఆయన రెండు వారాల్లో చెప్పమన్నాడు. ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నలభై ఏళ్ల చేను వదిలి ఎవరిదో పొలానికి పోవాలంటే మనసొప్పలేదు, ఉండిపోతే ఏమవుతుందోనన్న గుబులూ పోలేదు. చివరికి నన్నడగాలని నిర్ణయించుకుంది. మా వంశంలో పైనుంచి పొలాలు చూసేదాన్ని నేనొక్కదాన్నే కదా.

రెండు బస్సులు మారి బాపట్ల వచ్చింది. ల్యాబ్ గుమ్మం బయట చెప్పులు విడిచింది. వేసుకునే రా అత్తా అన్నా వినలేదు. తెరమీద ఆవిడ చేను చూపించాను. "ఇదేనా? ఇంత చిన్నదా?" అని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఆ తర్వాత గీత చూపించాను. ఏడేళ్లు, ఏడు గుట్టలు, ఒకదాని పక్కన ఒకటి, అచ్చులో పోసినట్టు ఒకే ఎత్తు. చుట్టూ చెరువులొచ్చినా, మధ్యలో తుఫాన్లొచ్చినా వరి చెక్కుచెదరలేదు. నాకు గర్వమేసింది, ఆ పంటేదో నేనే పండించినట్టు.

అత్త వేలు తెర దాకా వచ్చి ఆగింది. "ఈ గుట్ట పక్కన ఏంటే, కోసేసినట్టుంది?"

"అది జనవరి తర్వాత అత్తా. వరి అయిపోయాక మనకెందుకని తీసేశాను."

"మినుములుంటాయిగా."

"మినుములు పంటేంటత్తా!"

"అవున్లే" అంది.

ఆ మూడు నెలలు నేను ఎప్పుడో కత్తిరించేశాను. ఏదో పరిశోధనకు వరి గుట్టలే కావాల్సి వచ్చి, డిసెంబరు ఆఖరుకు గీత ఆగిపోయేలా ప్రోగ్రాం రాసుకున్నాను. బొమ్మ శుభ్రంగా ఉండేది, అలాగే ఉంచేశాను. ఈ తప్పు మా వైపు పుట్టినవాళ్లు తప్ప ఎవరూ చెయ్యరనుకుంటాను. ఎక్కడివాళ్లో అయితే, పెద్ద గుట్ట పక్కన ఈ చిన్న గుట్ట ఏంటని అడిగేవాళ్లు, తవ్వి చూసేవాళ్లు. నాకు అడగాల్సిన అవసరం రాలేదు. నాకు తెలుసు గనక. మినుములు.

"మరి ఏం చెప్పమంటావే ఆయనకి? మార్చుకోమంటావా?" అని అడిగింది అత్త.

"ఏం అక్కర్లేదు. నీ చేను రాయిలా ఉంది. ఇంకో పదేళ్లు ఢోకా లేదు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. అదీ గుర్తే. అత్త ముఖం విప్పారింది. బస్టాండు దాకా వెళ్లి ఎక్కించాను. కిటికీలోంచి, "నీ చదువు ఊరికే పోలేదే" అంది. ఆవిడ నోటి నుంచి నాకు దక్కిన ఏకైక మెచ్చుకోలు అది. మర్నాడే ఆ మరిదికి వద్దని చెప్పేసింది. ఆయన నెల తిరక్కుండా అత్త పొరుగాయనతో పొలం మార్చుకున్నాడు. దాంతో మూడో పక్క కూడా చెరువులే అయ్యాయి.

ఆ మరుసటేడు కాలవ నీళ్లు ఆలస్యమయ్యాయి. ఎగువన ఎక్కడో ఆగాయి, పైవాళ్లు మడులు నింపుకున్నారు, కిందికి వచ్చేసరికి పొలం బోదెల్లో పాదం మునిగేన్ని లేవు. ఆలస్యం మాకు కొత్త కాదు. అత్త దొరికిన నీళ్లతోనే దమ్ము చేయించి ఊడ్పించింది. మూడు వారాల తర్వాత ఫోన్ చేసింది. గొంతులో కరుకు లేదు. "చేను తిరగడం లేదే" అంది. ఊడ్చిన వరి వేరు పట్టి పచ్చబడటాన్ని మా వైపు తిరగడం అంటారు.

తెనాలి నుంచి రేపల్లె రైలెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. మూడు పక్కలా చెరువులు, వాటిలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. మధ్యలో మా అత్త చేను. ఆకుల కొసలు ఎర్రగా మాడి, ఆ ఎరుపు మొదళ్ల దాకా దిగింది. కొన్ని చోట్ల మొక్కే లేదు. గట్టు వారన తెల్లగా ఏదో పేరుకుంది, చెప్పు కింద కరకరలాడింది. అత్త వంగి మడిలో నీళ్లు రెండు వేళ్లతో తీసి నాలిక్కి తాకించుకుని ఉమ్మేసింది. "ఉప్పు కషాయం" అంది. నన్నూ చూడమంది. చూశాను. నేనూ ఉమ్మేశాను.

గట్టు మీద నిలబడి అడిగింది. "నీ బొమ్మలో ఇప్పుడెలా ఉందే?"

ఆ సాయంత్రమే రైలెక్కి వచ్చేశాను.

మర్నాడు ల్యాబ్‌లో, కత్తిరించిన మూడు నెలల్ని మళ్లీ అతికించాను. ప్రోగ్రాంలో ఒక్క లైను చెరిపితే చాలు. ఇన్నేళ్లూ ఆ ఒక్క లైను అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తెరమీద ఏడు పెద్ద గుట్టల పక్కన ఏడు చిన్న గుట్టలు లేచాయి. మొదటిది వరి గుట్టలో సగం ఎత్తుంది. రెండోది దాదాపు అంతే. మూడోది కుంగింది. నాలుగోది లేవడానికే నెల తీసుకుంది. అయిదోది ఇంకా ఆలస్యం. ఏడోదాన్ని గుట్ట అనలేం, నేల మీద చిన్న బొడిపె. పోయినసారి రెండు రోజులు, ఈసారి వారం, ఆ పైసారి నెల. నా జ్వరం పాఠం, నా చేతి రాతలో, మా అత్త చేలో.

జరిగింది ఇప్పుడు చెప్పడం తేలిక. వానాకాలం కాలవ నీళ్లు చేలో నిండుగా నిలబడి ఉప్పును కిందికి తొక్కేసేవి. అందుకే వరికి ఏమీ తెలిసేది కాదు. కోతలయ్యాక, పైన నీళ్లు లేనప్పుడు, చుట్టూ చెరువుల నుంచీ మురుగు కాలవ నుంచీ ఊరిన ఉప్పు మెల్లగా పైకి తేలేది. దాన్ని మొదట తాకేది మినుము వేరు. వరి కొంత ఓర్చుకుంటుంది, మినుముకు ఆ ఓర్పు లేదు. ఏటా మినుము చెబుతూనే ఉంది. ఆ ఒక్క ఏడు తొక్కిపెట్టే నీళ్లు రాలేదు, పాలు పొంగిపోయాయి. నేను జన్మంతా వెతుకుతున్న సంకేతం ఏటా ఏప్రిల్లో మా వంటింటి గట్టు మీదికి వచ్చి కూర్చునేది. దాన్ని నానబోసి, రుబ్బి, అట్లు పోసుకుని తిన్నాను.

ఫోన్లో చెప్పే ధైర్యం లేక మళ్లీ వెళ్లాను. అత్త అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీశాను.

"అత్తా, ఆ రోజు నువ్వడిగావు, గుట్ట పక్కన కోసేసినట్టుందేంటని. అంతా అక్కడే ఉంది. నేను చూడలేదు."

"నేనడిగానా?"

"అడిగావు."

"నువ్వేమన్నావు?"

"మినుములు పంటేంటన్నాను."

"నేనేమన్నాను?"

"అవున్లే అన్నావు."

ఈనె తీసిన కాయను చిన్న ముక్కలుగా తుంచి గిన్నెలో వేసింది. "మరింకేం, ఇద్దరం అన్నాం" అంది. ఆ తర్వాత గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నన్ను తిట్టిపోసి ఉంటే ఎంత బాగుండేది! పరాయివాళ్ల అన్నాన్నే వంక పెట్టకుండా వదలని మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఆ అరుగు మీదే ఏడుపొచ్చింది. లోపల పోపు చిటపటలాడుతుంటే ఆవిడకు వినపడలేదనుకుంటాను, లేదా వినపడనట్టు ఊరుకుంది.

ఆ చేను మళ్లీ తిరగలేదు. తర్వాతి ఏడు నీళ్లు సమయానికే వచ్చినా నారు నిలవలేదు. చెయ్యి దాటినదాన్ని వెనక్కి తేవాలంటే అంతకు పదింతల నీళ్లు కావాలి, అవి ఎవరిస్తారు? మార్చుకోవడానికి ఇప్పుడెవరూ లేరు. చివరికి చెరువులకే ఇచ్చేసింది. పొక్లెయిన్ వచ్చిన రోజు అత్త ఇంట్లోంచి బయటికి రాలేదట. ఇప్పుడు కొన్న బియ్యం వండుకుంటోంది. బాగున్నాయా అని అడిగాను. "బియ్యానికేం" అంది.

మబ్బుల్ని కూడా దాటి చూసే రాడార్ బొమ్మలు ఉంటాయి. వాటిలో నీళ్లు నల్లగా, మొక్కలు తెల్లగా కనబడతాయి. జులై ఆగస్టుల్లో మా డెల్టా మొత్తం ముందు నల్లబడుతుంది, ఎందుకంటే మడుల నిండా నీళ్లే. వరి పెరిగే కొద్దీ ఒక్కో చేనే తెల్లబడుతూ వస్తుంది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మలు అవి. చెరువు తవ్విన ఆ ఏడు అందరి చేలతో పాటు మా అత్త చేనూ నల్లబడింది. సెప్టెంబరులో చుట్టుపక్కల మిగిలిన వరి చేలు తెల్లబడ్డాయి. అది తెల్లబడలేదు. తెలిసి కూడా అక్టోబరు దాకా ఎదురుచూశాను.

ఆ తర్వాత ఒక పని మొదలుపెట్టాను. వరి గుట్టల్ని పక్కన పెట్టి, మినుముల గుట్టల్ని మాత్రమే తీసుకుని, తెరమీద బొమ్మ కిటికీని సముద్రం నుంచి పైకి జరుపుకుంటూ పోయాను. అడవులదీవి, రేపల్లె, చెరుకుపల్లి. మురుగు కాలవల వెంబడి అక్కడక్కడా చేలల్లో ఆ చిన్న గుట్ట ఏడాదికేడాది కుంగుతోంది. అన్నిచోట్లా వరి మాత్రం అచ్చులో పోసినట్టు ఉంది. కిటికీ వేమూరు దాకా వచ్చింది. అక్కడ మా అన్నయ్య పొలం ఉంది. మా నాన్న చేసిన పొలమే, సముద్రానికి చాలా ఎడం. ఊరికే ఒకసారి చూద్దామనుకున్నాను. మురుగు కాలవ పక్కన ఉన్న పొలం చెక్కలో రెండేళ్లుగా మినుము ఆలస్యంగా లేస్తోంది. రెండు చుక్కలతో ఏదీ తేల్చకూడదని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. మూసేసి ఇంటికొచ్చేశాను.

ఈ ఏప్రిల్లో అన్నయ్య తెనాలి వచ్చాడు, బండి మీద మినుములు వేసుకుని. అమ్మ సంచి అందుకుని చేత్తో తూచినట్టు పైకీ కిందికీ ఊపింది. "ఇంతేనారా?" అంది. వంటింట్లోకి వెళ్లి, మడతపెట్టి దాచిన పోయినేటి సంచి తెచ్చి ఈ సంచి పక్కన పెట్టింది. అది దీనికి రెండింతలుంది.

"పల్లాకు తెగులమ్మా, ఊళ్లో చాలామందికి అంతే" అన్నాడు అన్నయ్య.

నిజంగా పల్లాకు తెగులే కావచ్చు. కాకనూ పోవచ్చు. అత్త చెప్పినప్పుడు కూడా నిజమే అయ్యుంటుంది. అన్నయ్యను కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. కాలవ పక్కన చెక్కలో మట్టి తీయించి పరీక్ష చేయిద్దాం, ఎండాకాలం పొలానికి బోరు నీళ్లు పెట్టకు, వాటిలోనూ ఉప్పుంటుంది, మురుగు నీళ్లు ఎదురు రాకుండా గట్టు వేయించు, ఈ ఏడే చెయ్యి అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

అన్నయ్య కాఫీ ఆఖరి గుక్క తాగాడు. "వరి ఎలా ఉందో చూశావా?"

"వరి బానే ఉంది."

"బానే ఉందిగా మరి."

"అత్తదీ బానే ఉండేదన్నయ్యా."

"అత్తకి ఢోకా లేదని చెప్పింది నువ్వేగా" అన్నాడు.

దెప్పుతూ అనలేదు. మామూలుగానే అన్నాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎండెక్కకముందే వెళ్లాలని లేచాడు. నేను గేటు దాకా వెళ్లాను. మట్టి విషయం మళ్లీ ఎత్తితే, చూద్దాంలే అన్నాడు. బండి మలుపు తిరిగేదాకా నిలబడి లోపలికొచ్చాను.

అమ్మ కొత్త సంచి విప్పి, రెండు దోసిళ్ల మినుములు గిన్నెలో పోసి, నీళ్లు పోస్తోంది, రేపటి అట్లకి.